రెండు చెంచాల రాళ్ళుప్పు

సెప్టెంబరు 7, ఆదివారం

పిల్లలు సాయంత్రం ఆరింటికి దిగారు. చెప్పులు విప్పకముందే చిన్నోడు మొదలుపెట్టాడు.

"అమ్మా, ఇవాళ పిన్నీ అక్కా నేనూ కలిసి సూప్ చేశాం. కలిపింది నేనే. గరిటె నా అంత ఉంది."

"మీ నాన్నేం చేశాడు?"

"ఫొటోలు తీశాడు."

తీస్తాడు. పదమూడేళ్ళు వండిపెట్టాను, నా వంటకి ఒక్క ఫొటో తీసిన పాపాన పోలేదు. తిని చెయ్యి కడుక్కుని, "నీ దగ్గర ఎప్పుడూ ఉల్లిపాయ వాసనే" అని పక్కకి తిరిగి పడుకునేవాడు.

పెద్దది సంచిలోంచి బట్టలు తీస్తూ, నా వైపు చూడకుండా అంది, "అక్కడైతే మమ్మల్ని వంటింట్లోకి రానిస్తారు."

ఆ పిన్ని దగ్గరికి ఆయన మొదట నడుం నొప్పని వెళ్ళాడు. ఆవిడ పని అదే, నొప్పులున్న వాళ్ళ చేత కాళ్ళూ చేతులూ ఆడించడం. ఎనిమిది నెలల్లో ఆయన నడుం బాగైంది, నా ఇల్లు విరిగింది. పిల్లలు పిన్ని అంటున్నారు కాబట్టి వరసకి నాకు చెల్లెలట. మర్దనమ్మ అని నేను పెట్టుకున్న పేరు ఈ పుస్తకంలోనే ఉంటుంది, పిల్లల ముందు అనను. అంతవరకు నాకు మర్యాద తెలుసు.

వచ్చే నెల పదో తారీఖున కోర్టు మేడం పిల్లలతో విడిగా మాట్లాడుతుంది. ఎవరి దగ్గర ఉంటారని అడుగుతుంది. నేను తెల్లారకముందే క్యాంటీనుకి పరిగెడతాను కాబట్టి నా దగ్గర పెంపకం సరిగా లేదని ఆయన కాగితం పెట్టాడు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన చెయ్యి పదమూడేళ్ళు నేను పరిగెత్తి తెచ్చిన జీతం తిన్న చెయ్యే.

సెప్టెంబరు 8, సోమవారం

గరిటె వాడంత ఉందట.

సెప్టెంబరు 9, మంగళవారం

ఫ్యాక్టరీ క్యాంటీనులో రోజుకి నాలుగు వందల మందికి వండుతాను. నా కింద ఆరుగురు పనిచేస్తారు. నేను గిన్నె మూత తీసి వాసన చూశానంటే ఆరుగురూ చేతుల్లో పని ఆపి నా మొహం చూస్తారు. అలాంటిదాన్ని, ఇంట్లో నా పిల్లలకి వంటింటి గడప దాటే హక్కు ఇవ్వలేదు. ఇవ్వకపోవడానికి కారణం ఉంది. అక్కడ రోజంతా పదిమందికి చెప్పి చేయించి వస్తాను, ఇంటికొచ్చాక ఎవరికీ చెప్పకుండా ఇరవై నిమిషాల్లో వండి పడేస్తే చాలనిపిస్తుంది. పిల్లలు వస్తే ఇరవై నిమిషాల పని గంటన్నర అవుతుంది. మోచేతి మీద కాలిన మచ్చలు కూడా ఊరికే రాలేదు నాకు.

ఇదంతా గిన్నెలక్కతో అన్నాను. గిన్నెలక్క క్యాంటీనులో అంట్లు తోముతుంది, నాకంటే పదేళ్ళు పెద్ద, ఎవరికీ జడవదు.

"నీ పిల్లల్ని నువ్వు రానివ్వవు, ఇంకొకరు రానిస్తే ఏడుస్తావు. ఇదెక్కడి న్యాయం తల్లీ?" అంది.

"ఏడవట్లేదు."

"సరే, ఉల్లిపాయలే అనుకుందాం."

ఒకటి మాత్రం నిశ్చయించుకున్నాను. పిల్లల్ని వంటింట్లోకి తెచ్చుకుంటాను. ఆ మర్దనమ్మకి కత్తి పట్టుకోవడం కూడా సరిగ్గా రాదని పెద్దదే ఒకసారి చెప్పింది. నేను గనక నేర్పితే నెల తిరక్కుండా నా పిల్లలు ఆవిడ వండింది నోట పెట్టలేరు. ముద్ద ముద్దకీ వంక పెడతారు. అప్పుడు తీయమను ఫొటోలు.

సెప్టెంబరు 11, గురువారం

బన్నులతో మొదలుపెట్టాను. పిండి పిసకడం పిల్లలకి ఆటలాగా ఉంటుంది, కత్తితో పని లేదు.

చిన్నోడికి ఏడేళ్ళు. వాడికి అంకెల పిచ్చి. మెట్లు లెక్కపెడతాడు, నా గాజులు లెక్కపెడతాడు, నేను ఎన్నిసార్లు ఆవలించానో చెబుతాడు. కొలతలన్నీ వాడే తీసుకున్నాడు. "ఒకటి. రెండు. ఉప్పు వేయడం అయిపోయిందమ్మా" అని సైనికుడిలా నిలబడ్డాడు. పెద్దదానికి పదకొండు. దానిది వేరే రకం. పచ్చి పిండి నాకింది, ఈస్టు నీళ్ళు నాకింది, "చేదుగా ఉంది, దీన్ని తింటారా మనుషులు" అంది. చెప్పింది ఒకంతట నమ్మదు, నాలిక మీద పెట్టుకుంటే గాని.

నేను మూడుసార్లు అరిచాను. నాలుగోసారి నోటిదాకా వచ్చింది, మింగేశాను. పిండి గోడకి కూడా అంటింది. చిన్నోడు ఒక బన్నుకి ముక్కు పెట్టాడు, అది ఓవెన్‌లో ఉబ్బి మొహమంతా ముక్కే అయింది. "ఇది మన వాచ్‌మన్" అన్నాడు. ముగ్గురం పొట్టలు పట్టుకుని నవ్వాం.

బాగుంది. ఒప్పుకుంటే తప్పేముంది, బాగుంది.

సెప్టెంబరు 14, ఆదివారం

అక్కడినుంచి కబురు మోసుకొచ్చారు. ఇరవై ఎనిమిదిన, ఆదివారం మధ్యాహ్నం, ఆ ఇంట్లో పదిమందికి భోజనం. మా ఆడపడుచు కుటుంబంతో సహా వస్తోంది. ఆయన తోడబుట్టిన అక్క. తమ్ముడి కొత్త కాపురం చూడటానికి మొదటిసారి వస్తోంది.

ఆవిడ సంగతి నాకు తెలియనిదా? నా వంటని పదమూడేళ్ళు "హోటలు కూడు" అంది. నాలుగు వందల మందికి వండే చెయ్యి కాబట్టి నలుగురికి వండితే ప్రేమ ఉండదట. ఆవిడ నాలిక కింద పడ్డవాళ్ళు లేచి నిలబడటం నేను చూడలేదు.

చిన్నోడు అన్నాడు, "మేం బన్నులు చేస్తామని చెప్పాం. పిన్నికి చాలా సంతోషమైంది. నాకు రాదు, మీరే చేసిపెట్టాలి అంది. నాన్న కూడా సరే అన్నాడు."

పెద్దది, "పిన్నికి భయంగా ఉంది" అంది. "పెద్దత్త వస్తోందని గుడ్డలు పెట్టి కిటికీలు తుడుస్తోంది. ఇప్పటినుంచే."

భయపడనీ. నేను పదమూడేళ్ళు పడ్డాను.

నా పిల్లలు, నేను నేర్పిన బన్నులు. పళ్ళెంలో పెట్టి వడ్డించేది ఆవిడ. మెచ్చుకుంటే మెప్పు ఆవిడకి. బాగుంది వరస.

సెప్టెంబరు 16, మంగళవారం

ఇవాళ క్యాంటీనుకి సరుకు తెచ్చేవాడు రాళ్ళుప్పు లేదని మెత్తటి ఉప్పు బస్తా దింపి వెళ్ళాడు. నా కింద పనిచేసే కొత్త పిల్ల రోజూ కొలిచినట్టే గిన్నెడు ఉప్పు తీసుకుని గంగాళం మీదికి వంచబోయింది. చెయ్యి పట్టుకుని ఆపాను.

"సగం తియ్యి."

"రోజూ ఇంతే కదక్కా?"

"రోజూ వేసేది రాళ్ళు. రాయికీ రాయికీ మధ్య ఖాళీ ఉంటుంది. నీ గిన్నెలో సగం గాలే. మెత్తటిది అయితే గిన్నె నిండా ఉప్పే. ఉప్పు మారితే కొలత మారాలి."

ఆ పిల్ల నోరు తెరుచుకుని చూసింది. వంట చేసేవాళ్ళలో కూడా సగం మందికి ఇది తెలియదు. అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అందట ఉప్పు.

మధ్యాహ్నం గంగాళాలు దింపేదాకా నా మనసు దానిమీదే ఉంది. మా ఇంట్లో ఎప్పుడూ రాళ్ళుప్పే. బఠాణీ గింజలంత రాళ్ళు.

సెప్టెంబరు 17, బుధవారం

అలాంటి ఆలోచనలు అందరికీ వస్తాయి. వచ్చినంత మాత్రాన చేసేస్తామా.

సెప్టెంబరు 18, గురువారం

ఊరికే అడిగాను చిన్నోణ్ణి. "ఒరే, అక్కడ ఉప్పు ఎలా ఉంటుందిరా?"

"ఉప్పుగా ఉంటుంది."

"అది కాదు. మనదిలాగా రాళ్ళా?"

"కాదమ్మా. పౌడర్. డబ్బాకి చిల్లులుంటాయి, నేను ఊపితే మంచు పడినట్టు పడుతుంది."

పౌడర్.

సూప్ అయితే నీళ్ళు పోసి సర్దుకుంటారు. కూరైతే ఇంకో దుంప వేస్తారు. బన్నుకి సర్దుబాటు లేదు. ఓవెన్‌లోంచి వచ్చాక ఎవరూ ఏమీ చేయలేరు. ఉప్పు ఎక్కువైతే పిండి పొంగదు కూడా, రాయిలా ఉంటుంది. పదిమంది బల్ల చుట్టూ కూర్చుంటారు. ఆడపడుచు మొదటి ముక్క తుంచి నోట్లో పెట్టుకుంటుంది. ఇంటి ఇల్లాలు ఎవరు? వంటిల్లు ఎవరిది?

నేను అబద్ధం ఏమీ చెప్పడం లేదు. రెండు చెంచాలు అన్నాను. మా ఇంట్లో రెండు చెంచాలే.

సెప్టెంబరు 20, శనివారం

పొద్దున మళ్ళీ చేయించాను, సాయంత్రం వాళ్ళు అటు వెళ్ళే లోపు. పెద్దది అలవాటుగా ఉప్పు కలిపిన పిండిలో వేలు పెట్టబోయింది. "తప్పు. పదిమందికి చేసే దాంట్లో ఎంగిలి వేలు పెట్టకూడదు. కొలత సరిగ్గా ఉంటే రుచి అదే వస్తుంది" అన్నాను.

క్యాంటీనులో ఎవరైనా రుచి చూడకుండా వడ్డిస్తే చీపురు తిరగేస్తాను. ఆ మాట పెద్దదానికి తెలుసు, ఎన్నోసార్లు విన్నది. వింతగా చూసింది. వేలు మాత్రం వెనక్కి తీసుకుంది.

సెప్టెంబరు 22, సోమవారం

ఆయన ఫోను చేశాడు. పిల్లలు బన్నుల గురించి ఒకటే హుషారుగా ఉన్నారట. "థాంక్స్" అన్నాడు. పదమూడేళ్ళలో మొదటిది. దాన్ని కూడా ఆవిడ ఇంటి భోజనం కోసం ఖర్చుపెట్టాడు.

ఇంకేమైనా సందేహం మిగిలి ఉంటే అది కూడా పోయింది.

సెప్టెంబరు 25, గురువారం

ఇవాళ పిల్లలే చేశారు. నేను ముక్కాలి పీట మీద చేతులు కట్టుకుని కూర్చున్నాను. కిలో పిండి, ఈస్టు, గోరువెచ్చటి నీళ్ళలో కరిగించిన రెండు చెంచాల ఉప్పు, నూనె. పిసకడం, గుడ్డ కప్పడం, గంట ఆగడం. ఇరవై నాలుగు బన్నులు, ఒక్కటి కూడా వంకర లేదు. ఈసారి ముక్కులు కూడా పెట్టలేదు, పదిమంది ముందు పెట్టేవి కదా అని.

చిన్నోడు రాత్రి భోజనం దగ్గర, "ఉప్పు మాత్రం నేనే వేస్తాను, అక్క వేయకూడదు" అన్నాడు.

ఒక్క క్షణం అనుకున్నాను, ఉప్పు పని పెద్దదానికి మార్చేద్దామా అని. మార్చలేదు. అది కొత్త ఉప్పు చూస్తే నాకుతుంది. నాకితే ఆలోచిస్తుంది. వీడు చెప్పింది చెప్పినట్టు వేస్తాడు.

రాసింది ఇప్పుడే మళ్ళీ చదువుకున్నాను. తప్పు పడేది ఆవిడ మీద. ఇంటి పెద్ద ఆవిడ. పిల్లలు చేసిన దానికి పిల్లల్ని ఎవరంటారు?

సెప్టెంబరు 27, శనివారం

చెంచా కూడా ఇచ్చి పంపాను, కొలత తప్పకుండా. చిన్నోడు దాన్ని రుమాల్లో చుట్టుకుని జేబులో పెట్టుకున్నాడు.

సెప్టెంబరు 28, ఆదివారం

పన్నెండున్నర. ఇప్పటికి ఓవెన్‌లోంచి తీసి ఉంటారు.

ఒంటిగంట పది. కూర్చుని ఉంటారు. ఇల్లంతా ఒకసారి ఊడ్చాను, మళ్ళీ ఊడ్చాను.

ఆరున్నర. వచ్చారు. పెద్దది చెప్పింది. చెబుతున్నంతసేపూ నేను గిన్నె తోముతూనే ఉన్నాను, మొహం కనపడకూడదని.

బన్నులు సరిగ్గా పొంగలేదట. పిన్ని ఫరవాలేదంది. పెద్దత్త మొదటి ముక్క కొరికి ఆగిపోయింది, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పళ్ళెంలోకి ఊసేసింది. ఆమె కొడుకు నీళ్ళకోసం లేచి పరిగెత్తాడు. అప్పుడు పిన్ని ఒక ముక్క తుంచుకుని తిన్నది, మొత్తం మింగింది. మింగి, "అయ్యో, ఇది నా నిర్వాకమే వదినగారూ. పిల్లలు ఉప్పు వేశారని తెలియక పిండిలో నేను మళ్ళీ వేశాను" అంది.

"పెద్దత్త ఏమంది?"

"వంట రానివాళ్ళు వంటింట్లో తిరక్కూడదమ్మా అంది. నా తమ్ముడికి రాసిపెట్టి ఉంది, ఒకర్తిది హోటలు కూడు, ఒకర్తిది ఉప్పు కూడు అంది."

"మీ నాన్న?"

"ఏమీ అనలేదు. పిన్ని వంటింట్లోకి వెళ్ళింది. చాలాసేపు కుళాయి తిప్పి ఉంచింది."

కుళాయి ఎందుకు తిప్పుతారో నాకు తెలుసు. ఆ ఇంట్లో కాదు గాని ఇంకో ఇంట్లో నేను తిప్పాను, ఏళ్ళ తరబడి.

చిన్నోడు అన్నం తినకుండా పడుకున్నాడు. ప్రయాణపు బడలిక.

సెప్టెంబరు 29, సోమవారం

ఇవాళ క్యాంటీనులో నా చేతి వంట అమృతం. అందరూ అన్నారు. గంగాళం ముందు నిలబడి కూనిరాగం తీశానట, కొత్త పిల్ల చెప్పింది.

ఊసేసిందట. పదిమంది ముందు. పళ్ళెంలో.

గిన్నెలక్కకి చెప్పకుండా ఉండలేకపోయాను. అంతా విని బూడిద చేతులు కడుక్కుంది. "సరే గాని," అంది, "ఆ పిల్లలు దాన్ని ఎంతసేపు పిసికారు?"

"గంట."

"గంటసేపు పిసికిన దాన్ని వాళ్ళ కళ్ళ ముందు ఊసేసింది. అంతేగా?"

గిన్నెలక్కకి ఏ విషయంలోనైనా ఈకలు పీకడం అలవాటు.

సెప్టెంబరు 30, మంగళవారం

సూప్ చేద్దాం రమ్మన్నాను. పెద్దది వచ్చింది. చిన్నోడు రాలేదు. హోంవర్కు ఉందట.

అక్టోబరు 1, బుధవారం

తనంతట తను మళ్ళీ రాలేదు, నేనే పిలిచాను. గుడ్లు ఉడకబెట్టమంటే ఉడకబెట్టాడు. ఉప్పు వేయరా అంటే చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "అక్కని వేయమను" అన్నాడు.

అక్టోబరు 2, గురువారం

సాయంత్రం వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అడిగాను. నా గాజులు అటూ ఇటూ తిప్పుతూ చెప్పాడు.

"పిన్ని ఉప్పు వేయలేదమ్మా."

"మరి వేశానని చెప్పిందిగా."

"అబద్ధం. నేను గిన్నె దగ్గరే ఉన్నాను, మొదటినుంచి చివరిదాకా. పిన్ని ముట్టుకోలేదు. నేనే లెక్క తప్పాను. రెండు అనుకుని నాలుగు వేసుంటాను. నన్ను తిడతారని పిన్ని తన మీద వేసుకుంది. నాకోసం పెద్దత్త చేత తిట్టించుకుంది."

"నువ్వు లెక్క తప్పవు కదరా."

"తప్పాను. నాకు లెక్కలు రావు." అలా అన్నప్పుడు వాడి గొంతు ముసలాడి గొంతులా ఉంది. తర్వాత, "కోర్టు మేడం అడిగితే పిన్ని వాళ్ళింట్లో ఉంటానని చెబుతాను. అక్కడ తప్పు చేసినా ఏం కాదు. ఇక్కడ తప్పు చేస్తే..."

పూర్తి చేయమని నేను అడగలేదు.

అక్టోబరు 3, శుక్రవారం

పిల్లలు మరిచిపోతారు. వారం రోజుల్లో మరిచిపోతారు.

అక్టోబరు 4, శనివారం

పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఈసారి ఆయన రాలేదు, మర్దనమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడింది. పిల్లలు లిఫ్టు దగ్గరికి వెళ్ళాక గొంతు తగ్గించింది.

"అక్కా, ఒక్కమాట. ఆ రోజు భోజనాలయ్యాక వాడు మా ఇంట్లో ఉప్పు డబ్బా ముట్టుకోనన్నాడు. మెత్తటి ఉప్పయితే ఎంత వేయాలో వాడికి మీరే చెప్పండి. నేను చెబితే వాడు నమ్మడు, తనని కాపాడటానికి చెబుతున్నాననుకుంటాడు."

మెత్తటి ఉప్పయితే. ఆ మాట అనేసి నా కళ్ళలోకి చూసింది. కోపం లేదు, వెటకారం లేదు. ఉంటే బాగుండేది. నాలుగు మాటలు అనడానికి నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి.

"నీకెప్పుడు తెలిసింది?" అన్నాను.

"ఆ సాయంత్రమే. మా అమ్మని ఫోన్లో అడిగాను, రాళ్ళుప్పుకీ మెత్తటి ఉప్పుకీ కొలత వేరని చెప్పింది."

"తెలిసి ఆయనకి చెప్పలేదా?"

"చెబితే కోర్టులో చెబుతారు. పిల్లలు వింటారు."

వెళ్ళిపోయింది. తలుపు వేసి దానికి ఆనుకుని నిలబడ్డాను. ఆవిణ్ణి కింద పడేద్దామని గొయ్యి తవ్వాను. ఆవిడ దాంట్లోకి తనంతట తనే దిగి, నా కొడుకుని భుజాల మీద ఎక్కించుకుని పైకి అందించింది. ఇప్పుడు నాకు చెయ్యి కూడా అందిస్తోంది. ఆ చెయ్యి కొరికేయాలన్నంత కోపం వస్తోంది. నా కొడుకు దగ్గర ఆవిడ మంచిదైపోయింది, నేను డబ్బిచ్చి చేయించినా అంత బాగా కుదిరేది కాదు.

నోరు మూసుకుని ఉంటే? ఆవిడ చెప్పదు. ఎవరికీ తెలియదు. వాడు ఆవిడ ఇంటికి పోతానంటాడు, అంతే. నోరు విప్పితే ఇద్దరూ పోతారు.

అక్టోబరు 5, ఆదివారం

చిన్నోడు మెట్లు ఎక్కుతూ వచ్చాడు. లెక్కపెట్టడం వినిపించలేదు.

అక్టోబరు 7, మంగళవారం

దారిలో మెత్తటి ఉప్పు పొట్లం కొన్నాను. క్యాంటీను నుంచి చిన్న త్రాసు అడిగి తెచ్చాను, అంకెలు వెలిగేది.

పిల్లలిద్దర్నీ బల్ల దగ్గర కూర్చోబెట్టాను. చిన్నోడి చేతికి ఆ చెంచా ఇచ్చాను. తీసుకోలేదు. బల్ల మీద పెట్టాను.

"మన ఉప్పు రెండు చెంచాలు తూచు."

చాలాసేపటికి తీసుకున్నాడు. తూచాడు. "ఇరవై ఒకటి" అన్నాడు.

"ఇప్పుడు ఈ ఉప్పు రెండు చెంచాలు."

తూచాడు. అంకె చూశాడు. చెంచా పక్కన పెట్టి, వేలు పెట్టి మళ్ళీ చదివాడు. "ముప్పై ఎనిమిది. అమ్మా, త్రాసు పాడైంది."

"పాడవలేదు. ఇది మెత్తటిది, చెంచాలో ఎక్కువ పడుతుంది. పిన్ని వాళ్ళింట్లో ఉన్నది ఇదే. అక్కడ ఒక చెంచా వేయాలి. నేను నీకు రెండు అని చెప్పి పంపాను."

వాడు కాసేపు కళ్ళు మిటకరించాడు. "అంటే నేను లెక్క తప్పలేదా?"

"తప్పలేదు. రెండంటే రెండే వేశావు."

"సరిగ్గా వేశానా?"

"సరిగ్గా వేశావురా నాన్నా."

కుర్చీ దిగి ఇల్లంతా ఒక చుట్టు పరిగెత్తాడు. "నేను తప్పలేదు, నేను తప్పలేదు" అని గోడలకి చెప్పుకున్నాడు. వాడికి కావలసింది అంతే. నేను ఏం చేశానన్నది వాడికి ఇంకా ఎక్కలేదు. ఎక్కడానికి ఎన్నేళ్ళు పడుతుందో.

పెద్దదానికి ఎక్కింది. 

"నీకు ముందే తెలుసా?"

మరిచిపోయాను అని చెప్పొచ్చు. చూసుకోలేదు అని చెప్పొచ్చు. రెండూ నాలిక చివర ఉన్నాయి.

"తెలుసు" అన్నాను.

"అందుకేనా రుచి చూడొద్దన్నావు?"

"అందుకే."

"పిన్ని కోసం చేశావు. మేం చేశాం కదా వాటిని. మేం కదా తినమని అందరికీ ఇచ్చింది."

"పొరపాటు..." అని మొదలుపెట్టాను.

"పొరపాటు కాదు" అంది. కేక వేయలేదు. నేను క్యాంటీనులో కొత్తవాళ్ళని సరిదిద్దినట్టు సరిదిద్దింది. తర్వాత లేచి బల్ల మీది ఉప్పు రెండు కుప్పల్నీ విడివిడిగా ఎత్తి, ఏ పొట్లంలోది ఆ పొట్లంలో పోసింది.

అక్టోబరు 8, బుధవారం

పెద్దది నాతో మాట్లాడలేదు.

అక్టోబరు 9, గురువారం

పెద్దది, "రేపు ఏ చొక్కా వేసుకోను" అంది. నీలంది అన్నాను. తెల్లది తీసుకుంది.

అక్టోబరు 10, శుక్రవారం

కోర్టులో ఒక చిన్న గది. విరిగిన రంగు పెన్సిళ్ళ డబ్బా ఒకటి, చక్రం పోయిన బొమ్మ కారు ఒకటి. పిల్లలిద్దరూ ఒకరి తర్వాత ఒకరు మేడంతో గంట పైనే మాట్లాడారు. తర్వాత నన్నూ ఆయన్నీ లోపలికి పిలిచింది. పిల్లల్ని బయట కూర్చోబెట్టారు. మర్దనమ్మ వరండాలో వాళ్ళ పక్కన ఉంది.

మేడం కాగితాలు తిరగేసింది. "బాబు ఒక విషయం చెప్పాడు. త్రాసుతో సహా చాలా వివరంగా చెప్పాడు. వాళ్ళ పిన్నిగారి ఇంట్లో ఉప్పు వేరని మీకు తెలిసే రెండు చెంచాలు వేయమని పంపారని. నిజమేనా?"

వాడు ఫిర్యాదు చేసి ఉండడు. తను లెక్క తప్పలేదన్న సంతోషంలో చెప్పి ఉంటాడు, ఎవరు దొరికితే వాళ్ళకి.

ఆయన నా వైపు తిరిగాడు. ఆయన్ని తలదించుకునేలా చేయాలని నెల రోజులు కలగన్నాను. తల ఎత్తే ఉంది. పెదవి మీద ఆ పాత నవ్వు మొలుస్తోంది.

"నిజమే" అన్నాను.

"చూశారా మేడం," అన్నాడు ఆయన, "ఇదీ ఈవిడ తీరు."

మేడం ఆయన మాట వినిపించుకోలేదు. "ఒకటి అడుగుతాను. దీన్ని పిల్లలకి మీరే చెప్పారట. చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఎందుకు చెప్పారు?"

"వాడు ఉప్పు ముట్టుకోవడం మానేశాడండి" అన్నాను. "లెక్కపెట్టడం కూడా మానేశాడు."

ఆవిడ రాసుకుంది. ఏం రాసుకుందో కనపడలేదు.

అక్టోబరు 14, మంగళవారం

ఉత్తర్వు వచ్చింది. బడి ఉన్న రోజులు అక్కడ. శని, ఆదివారాలు ఇక్కడ. ఆరు నెలల తర్వాత మళ్ళీ చూస్తారట.

పెద్దది ఆ గదిలో ఏం చెప్పిందో నాకు తెలియదు. అడగను.

ఆవిడ మీద కోపం తగ్గలేదు. ఎవరైనా ఈ పుస్తకం చదివితే తగ్గిందనుకుంటారేమో, అందుకని రాస్తున్నాను. ఆవిడ నా మొగుణ్ణి తీసుకుంది, ఇప్పుడు అయిదు రోజులు తీసుకుంది. మొదటిది ఆవిడ తీసుకుంది. రెండోది నేను నా చేత్తో పిసికి, కాల్చి, సంచిలో పెట్టి పంపాను. అది తెలిసినా కోపం ఆవిడ మీదే ఉంది. ఏం చేయను.

అక్టోబరు 18, శనివారం

పొద్దున తొమ్మిదింటికి వచ్చారు. చిన్నోడు మెట్లు లెక్కపెట్టుకుంటూ వచ్చాడు, ముప్పై నాలుగు. బన్నులు చేద్దామన్నాడు. సరే అన్నాను. చెంచా తనే తీశాడు.

పెద్దది పిండి కొలిచింది. ఈస్టు కలిపింది. ఉప్పు డబ్బా మూత తీసింది. తమ్ముడు చెంచా ముంచబోతే చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. ఒక రాయి తీసి నాలిక మీద పెట్టుకుంది. కరిగేదాకా ఆగింది. ఆగినంతసేపూ నన్నే చూస్తోంది.

"ఊఁ, వెయ్యి" అంది వాడితో.

వంట నేర్పే ఎవరైనా మొదటిరోజు నేర్పాల్సింది అదే. నేను నేర్పలేదు. ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా అది ముందు ఉప్పు నాకి చూస్తుంది. వాళ్ళమ్మ ఇంటికి వచ్చినా.